చిన్నమ్మ బదులు చెప్పిన స్తోత్రాలు

పోయిన వారం హిందూపురం బస్టాండు దగ్గర చిన్న హోటల్లో టిఫిను తింటున్నాను. ఎదురు బల్ల దగ్గర కూర్చున్న ముసలాయన ఇడ్లీ తట్ట ముందుకు రాగానే చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకొని కళ్ళు మూసుకున్నాడు. చట్నీ బకెట్టు పట్టుకొచ్చిన మనిషికి ఏం చేయాలో తోచలేదు. గరిటె అట్లే పట్టుకొని కాసేపు నిలబడి, "ఏమప్పా పెద్దాయనా, ఒంట్లో బాగుండాదా?" అని భుజం తట్టాడు. ముసలాయన కళ్ళు తెరిచి నవ్వాడు. "బాగుండాదప్పా. దేవునికి ఒక మాట చెప్పుకుంటాంటి, అంతే. పొయ్యి" అన్నాడు. హోటల్లో ఇంకెవరూ పట్టించుకోలేదు. నాకు మాత్రం చేతిలోని ముక్క నోటిదాకా పోలేదు. అన్నం ముందు అట్లా కళ్ళు మూసుకున్న మగమనిషిని చూసి చాలా రోజులైంది. మా చిన్నాయన గుర్తొచ్చాడు. అయితే ఆయన గురించి చెప్పాలంటే ముందు మా చిన్నమ్మ గురించి చెప్పాలి. ఎందుకంటే ఆ ఇంట్లో ప్రార్థన ఆమెది.

చిన్నమ్మ అంటే మా అమ్మకు సొంత చెల్లెలు. పెనుకొండలో కొండ కింద వీధిలో వాళ్ళ ఇల్లు, బండల మిద్దె. మాది పరిగి. ఎండాకాలం సెలవులివ్వగానే అమ్మ నన్ను బస్సెక్కించి ఆ ఇంటికి పంపేది. చిన్నమ్మ ఊళ్ళోవాళ్ళకు జాకెట్లు కుట్టేది, ఆదివారం చర్చిలో పిల్లలకు పాటలు నేర్పేది. ఆమె వంటకు వంక పెట్టడానికి ఉండేది కాదు. రాగి సంగటి, చెనిక్కాయలు నూరి చేసే ఊరిబిండి, ఉలవచారు, పైన ఇంత నెయ్యి. కష్టమల్లా ఆ వంటకూ మా నోటికీ మధ్య ఉండే ప్రార్థనతో. తట్టలు పరిచాక చిన్నమ్మ కళ్ళు మూసుకుంటే ఇక ఎప్పుడు తెరుస్తుందో చెప్పలేం. అందరిలా "ఈ ఆహారాన్ని దీవించు" అని తెమిల్చేసే మనిషి కాదు. "తండ్రీ, ఈ పొద్దు కొళాయి నీళ్ళు కడవలన్నీ నిండేదాకా వచ్చినందుకు స్తోత్రం. పక్కింటి ఎనుము ఈనినందుకు స్తోత్రం. జున్నుపాలు మాకు గూడా పంపించినందుకు స్తోత్రం. మా అక్క కూతురు బస్సులో కక్కుకోకుండా వచ్చినందుకు స్తోత్రం" అంటూ పొద్దున్నించి జరిగిన ప్రతి సంగతినీ దేవుని ముందు ఒక్కొక్కటిగా తీసి పెట్టేది. నేను ఒక కన్ను సగం తెరిచి సంగటి మీద నెయ్యి పేరుకుపోవడం చూస్తూ కూర్చునేదాన్ని. ఒకసారి వాళ్ళబ్బాయి, అప్పటికి ఇంకా నిక్కరేసుకునే వయసు, ఆకలికి తట్టుకోలేక మధ్యలోనే గట్టిగా "ఆమేన్" అనేశాడు. చిన్నమ్మ కళ్ళు తెరవకుండానే, "నా కొడుకు నోట ఆమేన్ అనే మాట వచ్చినందుకు స్తోత్రం" అని ఇంకాస్త పొడిగించింది.

చిన్నాయన అప్పుడు మీసాల కింద నవ్వుకోవడం నాకు బాగా గుర్తు. ఆయన ధర్మవరంలో మగ్గాల ఇంట పుట్టినవాడు. పట్టుచీరల పని అన్నదమ్ములకు వదిలేసి రైల్వేలో గేటుమన్‌గా చేరాడు. రోజూ ప్యాసింజరు బండిలో పెనుకొండ నుంచి డ్యూటీకి పోయివచ్చేవాడు. చిన్నమ్మను చేసుకోవాలంటే బాప్తిస్మం తీసుకోవాలని మా తాత అంటే, "నీళ్ళు శానా చల్లగుంటాయా?" అని మాత్రం అడిగాడట. ఆ తర్వాత ప్రతి ఆదివారం చర్చికి వచ్చేవాడు. మగవాళ్ళ వైపు ఆఖరి వరసలో, తలుపు పక్కన కూర్చుని, వాక్యం మొదలుకాగానే కునుకు తీసేవాడు. గట్టిగా ప్రార్థన చేయడం ఎవరూ వినలేదు. సంఘ పెద్దలు ఎప్పుడైనా "అన్నా, ఈ వారం నువ్వు ప్రార్థన చెయ్యి" అంటే, "మా ఇంట్లో ప్రార్థన డ్యూటీ ఆమెదప్పా, నాది గేటు డ్యూటీ" అని తప్పించుకునేవాడు. చిన్నమ్మకు ఆ మాట వింటే కోపం వచ్చేది కాదు. పైగా ఆమెకు కొంచెం గర్వంగానే ఉండేదని నా అనుమానం.

వాళ్ళకు ఒక్కడే కొడుకు. నాకంటే చాలా చిన్నవాడు, నన్ను "అక్కా" అని నోరారా పిలిచేవాడు. పెద్దయ్యాక ధర్మవరంలో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెప్పేవాడు. పెళ్ళయింది, ఒక పాప పుట్టింది. శనివారం సాయంత్రం భార్యనూ పాపనూ బండి మీద కూర్చోబెట్టుకొని పెనుకొండ వచ్చేవాడు. తల్లి ప్రార్థన పొడుగు గురించి అప్పుడు కూడా వేళాకోళం చేసేవాడు. కానీ మా మరదలు ఒకసారి నాతో చెప్పింది, వాళ్ళింట్లో అన్నం ముందు తమ్ముడు చేసే ప్రార్థన కూడా అంతే పొడుగని, పాప మధ్యలో ఆమేన్ అంటుందని.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు తమ్ముడికి సోకింది. ఊపిరి ఆడక అనంతపురంలో ఆసుపత్రిలో చేర్చారు. ఎవరినీ లోపలికి పోనిచ్చేవాళ్ళు కాదు. పెనుకొండలో సంఘమంతా ఎవరి ఇళ్ళలో వాళ్ళు ఉపవాసముండి ప్రార్థన చేశారు. చిన్నమ్మ మిషను మీద గుడ్డ కప్పేసి, మోకాళ్ళ మీదే ఉండిపోయింది. ఆ పరిస్థితిలో ఒకరోజు మధ్యాహ్నం తమ్ముడు తానే ఫోను చేశాడు. ఊపిరి బాగుందనీ, చారన్నం తిన్నాననీ, ఇంకొన్ని రోజుల్లో పంపించేస్తారనీ చెప్పాడు. అంతే, చిన్నమ్మ ఫోను చేతిలోనుంచి దించలేదు. పరిగికి, హిందూపురానికి, తలుపుల ఊళ్ళో ఉన్న చిన్నాడబిడ్డకు, పాస్టరు గారికి, జాకెట్లు కుట్టించుకునేవాళ్ళకు కూడా చేసింది. నాకు చేసినప్పుడు గొంతులో ఏడుపూ నవ్వూ కలిసిపోయి ఉన్నాయి. "స్తోత్రం చెప్పు మే! నీ తమ్ముడు చారన్నం తిన్యాడంట! దేవుడు ఇన్యాడు మే, ఇన్యాడు!" ఆ సాయంత్రం సేమ్యా పాయసం చేసి, గోడ మీదనుంచే పక్కింటివాళ్ళకు గిన్నెలు అందించిందట.

తెల్లారి మరదలు ఫోను చేసింది. తమ్ముడు పోయాడు.

శవాన్ని ఇంటికి ఇవ్వలేదు. చిన్నాయన ఒక్కడే అనంతపురం పోయాడు. ముసుగులేసుకున్న మనుషులు దూరంగా గుంతలో దించుతుంటే చెట్టు కింద నిలబడి చూశాడు. చిన్నమ్మ కొడుకు ముఖం కూడా చూడలేదు. బస్సులు తిరగడం మొదలైనాక, నేను టీచరుగా పనిచేసే హిందూపురం నుంచి పెనుకొండ పోయాను. ఆమె నన్ను పట్టుకొని ఏడుస్తుందనుకున్నాను. "వస్తివా" అని మాత్రం అని వంటింట్లోకి పోయింది. మధ్యాహ్నం ముగ్గురం అన్నానికి కూర్చున్నాం. అలవాటు కొద్దీ నేనూ చిన్నాయనా తలలు వంచాం. ఎంతసేపటికీ ఏమీ వినపడలేదు. కళ్ళు తెరిచి చూస్తే చిన్నమ్మ సంగటి తుంచి, చారులో అద్దుకొని, నోట్లో పెట్టుకుంటోంది. ఆ ఇంట్లో ప్రార్థన లేకుండా ముద్ద దిగడం నేను చూడటం అదే మొదటిసారి. చిన్నాయన చేతులు ఒళ్ళోంచి తీయకుండానే ఆమె వైపు చూశాడు. ఆమె తలెత్తలేదు. ఆయన గొంతు సవరించుకున్నాడు. నేను పుట్టి బుద్ధెరిగినాక మొదటిసారి ఆయన ప్రార్థన విన్నాను. "దేవా… సంగటి ఉండాది. వదిన కూతురు హిందూపురం నుంచి వచ్చింది. మా ఇంటామె తింటాంది. అంతే. స్తోత్రం." ఎక్కడ ఆపాలో తెలియక కాసేపు తడబడి, ఆమేన్ అన్నాడు. నేనూ అన్నాను. చిన్నమ్మ అనలేదు.

ఆమె చర్చి మానలేదు. ఆదివారం తెల్లచీర కట్టుకొని పోయేది, ఆడవాళ్ళ వైపు తన చోటులో కూర్చునేది. పాటలప్పుడు నోరు తెరిచేది కాదు. సాక్ష్యాలు చెప్పే సమయం వస్తే చూపు నేల మీదికి పోయేది. ఒకరోజు నేనక్కడుండగానే సంఘంలో ఇద్దరు ఆడవాళ్ళు ఇంటికొచ్చారు. మంచివాళ్ళే, ఆమె మీద ప్రేమతోనే వచ్చారు. అందులో ఒకామె చిన్నమ్మ చెయ్యి పట్టుకొని, "అన్నిటికీ స్తోత్రం చెప్పల్ల గదక్కా. చెప్పకుంటే మనసు గడ్డ కట్టిపోతాది" అంది. చిన్నమ్మ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. నెమ్మదిగానే అంది: "అయితే నువ్వు చెప్పు మే. నా కొడుకు పోయినందుకు స్తోత్రం అని ఈడ కూసోని నువ్వు చెప్పు. నేను ఇంటా." వచ్చినామె చిన్నమ్మ ఒళ్ళో తల పెట్టి తానే ఏడ్చింది. వాళ్ళు పోయాక చిన్నమ్మ నాతో అంది, "నేను తొందరపడితి మే. ముందే స్తోత్రం చెప్పేస్తి. ఊరంతా చెప్తి. పాయసం గూడా చేస్తి. ఇంగ యా మొగం పెట్టుకోని ఆయన్తో మాట్లాడల్ల?"

పాస్టరు గారు కుర్రవాడు, కొత్తగా వచ్చినవాడు. ఆయన గురించి నేను కొంచెం భయపడ్డాను, వచ్చి ప్రసంగం చేస్తాడేమో అని. వచ్చాడు, బయట అరుగు మీద చిన్నాయన పక్కన కూర్చున్నాడు, కాఫీ తాగాడు. లేచేటప్పుడు మాత్రం, "అమ్మను నేనేమీ అడగను నాయనా. ఆమెకు చేతనైనప్పుడు చెప్తాది. అంతవరకు ఆమె బదులు మనం చెప్దాం" అన్నాడు. చిన్నాయన ఆ మాటను అక్షరాలా పట్టుకున్నాడు. "మనం" అంటే తానే అనుకున్నాడు.

అప్పటినుంచి రెండు పూటలా అన్నం ముందు ఆయనే ప్రార్థన. చేతగాని పని. మాటలు దొరికేవి కావు. చిన్నమ్మలాగ వరసపెట్టి చెప్పలేడు. అందుకని పూటకు ఒక్క సంగతి చాలనుకున్నాడు, అది కూడా నిజమైనది కావాలి. ఉత్తుత్తి స్తోత్రం చెప్పకూడదని ఆయన పట్టుదల. అప్పటికే రిటైరైనాడు గనక, దానికోసం పొద్దున్నే చొక్కా వేసుకొని వీధిలోకి బయలుదేరేవాడు. కొండ వైపు పోయి సీతాఫలం చెట్లు పూత పట్టాయేమో చూసేవాడు, స్టేషను దాకా పోయి బండి వేళకు వచ్చిందేమో కనుక్కునేవాడు. ఎక్కడా ఏమీ దొరక్కపోతే నాకు ఫోను చేసేవాడు. "ఏమ్మే, ఈ పొద్దు ఈడ ఏమీ దొరకలేదు. నీ దగ్గర ఏమన్నా ఉండాదా?" నేను బడిలో పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతూ ఆలోచించేదాన్ని. "పరిగిలో నిన్న వాన పడిందంట చిన్నాయనా." "బాగ పడిందా, తుంపరా?" "చెరువులోకి నీళ్ళొచ్చేంత పడిందంట." "సరే, అది చెప్తాలే" అని తృప్తిగా పెట్టేసేవాడు. చేతిలో ఎర్ర పెన్ను పట్టుకొని నేను చాలాసేపు కిటికీలోంచి చూస్తూ ఉండిపోయేదాన్ని. రానురాను ఆయన ఫోను రాకముందే, ఇవాళ ఆయనకు ఏమివ్వగలనా అని నేనే వెతుక్కోవడం మొదలుపెట్టాను. నా జీవితంలో అంతకుముందు ఎన్ని ప్రసంగాలు విన్నా రాని అలవాటు అది.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "నీకు కోపం రాదా చిన్నాయనా, దేవుని మీద?" ఆయన అరుగు మీద కూర్చొని చెనిక్కాయలు ఒలుస్తున్నాడు. "ఎందుకు రాదు? ఉండాది. ఆ అనంతపురం చెట్టు కింద నిలబడినాపొద్దు నుంచి ఉండాది." కాయలు ఒలవడం ఆపలేదు. "కానీ మే, గేటు కాడ మాకొకటి చెప్పినారు. మన బదులు రిలీవరు వచ్చేదాకా డ్యూటీ ఇడిసి పోగూడదు. ఒంట్లో బాగలేకపోయినా, ఇంట్లో చావు జరిగినా సరే. మీ చిన్నమ్మ ఇన్నేండ్లు ఒక్కతే చేసింది ఆ పని. ఇప్పుడు ఆమెకు చేతకాలేదు. ఆమె తిరిగొచ్చేదాకా ఎవరో ఒకరు నిలబడల్ల గదా." వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. చిన్నమ్మ వినిందని నాకు తెలుసు.

అట్లా రెండేళ్ళు దాటాయి. ఒక చలికాలం పొద్దున ఆయన స్టేషను రోడ్డులో పడిపోయాడు. పక్షవాతం. హిందూపురంలో మా ఇంటికి దగ్గరలో ఉన్న ఆసుపత్రికి తెచ్చాం. ప్రాణం దక్కింది కానీ కుడి పక్క పోయింది, మాట పోయింది. చిన్నమ్మ మంచం పక్కనుంచి కదల్లేదు. ముక్కులో గొట్టం ద్వారానే కొన్నాళ్ళు పాలు, గంజి. ఆ తర్వాత గొట్టం తీసి, ఇక నోటితో తినిపించి చూడండి అన్నారు. నేను ఇంటినుంచి పల్చగా రాగి అంబలి కాచి తెచ్చాను. మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి మంచం మీద పడుతోంది. చిన్నమ్మ చెంచాతో తీసి, ఊది, ఆయన నోటి దగ్గర పెట్టింది. ఆయన నోరు తెరవలేదు. "కొంచెమే, తాగు" అంది. లేదు. మింగడం రావట్లేదేమో, నర్సును పిలవనా అన్నాను. అప్పుడు చూశాను, ఆయన కళ్ళు మూసుకొని ఉన్నాడు. నిద్ర కాదు. ఎడమ చెయ్యి తెచ్చి, కదలని కుడి చేతి మీద పెట్టుకున్నాడు.

నాకు అర్థమైంది. "నేను చెప్తాను చిన్నాయనా" అని గబగబా ఏదో ప్రార్థన చేశాను. ఆమేన్ అన్నాను. ఆయన కళ్ళు తెరిచి నా వైపు చూశాడు, ప్రేమగానే చూశాడు. తర్వాత చూపు తిప్పి చిన్నమ్మ వైపు చూసి, మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. చెంచాలో అంబలి చల్లారిపోయింది. చిన్నమ్మ దాన్ని గిన్నెలో ఒంపేసి, కొంగుతో ముఖం తుడుచుకుంది. పక్క మంచం వాళ్ళు మాటలాపి మమ్మల్నే చూస్తున్నారు.

"తండ్రీ" అంది. మళ్ళీ అంది. "తండ్రీ, నాకు నీ మీద కోపం ఉండాది. నీకు తెలుసు. నా బిడ్డ పోయినందుకు నేను స్తోత్రం చెప్పను. నన్ను అడగొద్దు." ఆయన చేతిని పట్టుకుంది. "వాణ్ణి నాకు ఇచ్చినందుకు చెప్తా. వాడు నన్ను అమ్మా అని పిలిచినందుకు చెప్తా. ఆకరికి చారన్నం తిన్యాడు, ఆకలితో పోలేదు, దానికి చెప్తా. ఈ మనిషిని ఇచ్చినందుకు చెప్తా. నేను మూగదాన్ని అయిపోతే నా బదులు ఈయప్ప మాట్లాడినాడు. ఇప్పుడు ఈయప్పకు మాట లేదు. నేనొచ్చినా తండ్రీ. నేను చూసుకుంటా." ఇంకేదో అనబోయింది, రాలేదు. "ఆమేన్" అని నేనే అన్నాను. చిన్నాయన కళ్ళ కొసల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. నోరు తెరిచాడు. చిన్నమ్మ అంబలి పోసింది. మింగాడు.

ఆయన ఎక్కువ కాలం బతకలేదు. పెనుకొండకు తీసుకుపోయాం. మామిడి పూత రాలి పిందెలు పడుతున్న రోజుల్లో, పొద్దున ఎండలో మంచం వేసి పడుకోబెడితే అట్లే పోయాడు. ఆయన్ను మాత్రం ఇంట్లో పెట్టుకొని, స్నానం చేయించి, అందరం చూసి, పాటలు పాడుకుంటూ సమాధుల తోటకు తీసుకుపోయాం. ధర్మవరం నుంచి ఆయన అన్నదమ్ములు వచ్చారు, మగ్గాలు ఆపి. మరదలు, పాప వచ్చారు. కొడుక్కు చేయలేకపోయినవన్నీ చిన్నమ్మ ఆయనకు చేసింది. మట్టి వేసేటప్పుడు రెండు పిడికిళ్ళు వేసింది. రెండోది ఎవరికని ఎవరూ అడగలేదు.

ఆ ఏడు కోత పండుగకు నేను పెనుకొండ పోయాను. చర్చి ముందు చెనిక్కాయ మూటలు, గుమ్మడికాయలు, కోళ్ళు ఉన్నాయి, ఎవరో తెచ్చిన గొర్రెపిల్ల అరుస్తూ ఉంది. పాస్టరు గారు, స్తోత్రం చెప్పాలనుకునేవాళ్ళు లేవండి అన్నారు. ఒకరు పంట వచ్చిందని, ఒకరు కూతురికి బిడ్డ పుట్టాడని చెప్పారు. ఆడవాళ్ళ వైపు నుంచి చిన్నమ్మ లేచింది. చర్చిలో గుసగుస ఆగిపోయింది. పొడుగు ప్రార్థన వినడానికి అందరూ సర్దుకొని కూర్చున్నారు, కొందరి ముఖాల్లో సంతోషం కూడా కనపడింది. ఆమె కొడుకు పేరు చెప్పింది. తమ్ముడు పోయినాక ఆ పేరు ఆమె నోట నేను వినడం అదే మొదటిసారి. తర్వాత చిన్నాయన పేరు చెప్పింది. పెళ్ళయినప్పటినుంచి మొగుడి పేరు ఎత్తని మనిషి. ఆ రెండు పేర్లే. ఇంకొక్క మాట లేదు. కొంగు సర్దుకొని కూర్చుంది. వెనకనుంచి ఎవరో ముసలాయన "స్తోత్రం" అనగానే అందరూ అన్నారు.

చిన్నమ్మ ప్రార్థన మళ్ళీ పాతలాగా పొడుగెక్కలేదు. ఒకటి చెప్పేది, ఆగేది, ఇంకొకటి చెప్పేది, కొన్నిసార్లు మధ్యలోనే ఊరుకొని అన్నం కలుపుకునేది. సంతోషం తిరిగొచ్చిందని నేను చెప్పలేను. మిషను మీది గుడ్డ తీసింది, పాపకు గౌను కుట్టింది, అంతవరకే. పోయిన ఏడాది వానాకాలంలో ఆమె కూడా వాళ్ళ దగ్గరికి పోయింది. సమాధుల తోటలో చిన్నాయన పక్కన ఆమెను పెట్టాం, కొడుకు మాత్రం అనంతపురం మట్టిలోనే ఉన్నాడు.

నేనిప్పుడు హిందూపురంలో ఒక్కదాన్నే అన్నానికి కూర్చున్నప్పుడు ఆ ముగ్గురి పేర్లూ చెప్పుకుంటాను. తర్వాత మా అమ్మ పేరు, నాయన పేరు, ఇంకా కొందరివి. ఏటికేడాది స్తోత్రం చెప్పాల్సిన పేర్లు పెరుగుతూనే ఉన్నాయి, ఆ పేర్లు ఎరిగినవాళ్ళు మాత్రం తగ్గిపోతున్నారు.